పేరు పెట్టని పిలుపు

పెళ్ళయిన నాటి నుంచి మా ఆయన పేరు నా నోటితో పలికింది లేదు. ఇదేదో పాతివ్రత్యం అనుకునేరు, కాదు. ఎం.కామ్ చదివాను. బీట్ బజార్‌లో మా మసాలా దినుసుల దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేది నేనే. హమాలీలు నా నోటికి భయపడతారు. అయినా ఆ ఒక్క మాట దగ్గర నాలుక మొండికేస్తుంది. మా అమ్మ పలకలేదు, వాళ్ళమ్మ పలకలేదు, నాకూ రాలేదు, అంతే. బ్యాంకులో భర్త పేరు అడిగితే ఆధార్ కార్డు ముందుకు తోస్తాను. ఇంట్లో అయితే “ఇగో” అంటాను. నా కోపం, తొందర, చాయ్ అయిందన్న కబురు, అన్నీ ఆ “ఇగో”లోనే ఉంటాయి. ఆయన ఏ గదిలో ఉన్నా పలికేవాడు.

ఆయన పని ఇలాచీ. మా దుకాణానికి వచ్చే ఇలాచీలో చాలా భాగం గ్వాటెమాలా నుంచి వస్తుంది. మధ్య అమెరికాలో, రెండు సముద్రాల నడుమ ఇరుక్కున్న కొండల దేశం అది. కొత్త పంట చూడటానికి ఆయన ఏటా వెళ్ళేవాడు. కాయను వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పాత సరుకో కొత్త సరుకో చెప్పేవాడు. ఇంట్లో చాయ్‌లో కూడా ఇలాచీ దంచి వేయాల్సిందే. తక్కువైతే, “ఇలాచీ బేరగాని ఇంట్ల గిదేం చాయ్?” అని నన్ను ఆటపట్టించేవాడు.

ఒక ఏడు అక్కడ వానలు తగ్గకముందే వెళ్ళాడు. కొండ దారిలో వాగు దాటుతుంటే జీపు జారి నీళ్ళలో పడింది. డ్రైవరు తాను ఈది బయటపడి, మళ్ళీ దూకి ఈయన్ని లాగాడట. ఒంటి మీద గీత కూడా పడలేదు. మర్నాడే విమానం ఎక్కి వచ్చేశాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్ళాను. సామాన్ల బండి తోసుకుంటూ బయటికి వచ్చి, నా పక్క నుంచే నన్ను దాటి వెళ్ళిపోయాడు. వెనక నుంచి “ఇగో!” అంటే ఆగలేదు. పరిగెత్తి చెయ్యి పట్టుకుంటే నిలబడ్డాడు, అంతే.

ఆ తర్వాత మా సుబేదారి ఇంట్లో ఒక మనిషి ఉన్నాడు గానీ మా ఆయన లేడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. దుకాణానికి తీసుకెళ్తే గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇలాచీ నలిపి ముక్కు దగ్గర పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. డాక్టర్లు తలకు స్కానింగులు తీశారు, అన్నీ బాగున్నాయన్నారు. భయం పట్టుకుందని మందులు రాశారు. వేళ తప్పకుండా ఇస్తూనే ఉన్నాను.

మా అత్తమ్మ మాత్రం మొదటి రోజే తేల్చేసింది.

“జడ్సుకున్నడు బిడ్డా. మనిషైతే ఒచ్చిండు గని, పాణం ఆడ్నే ఇడ్సిపెట్టి ఒచ్చిండు.”

“పాణమేమన్న గొడుగా అత్తమ్మా, మర్సిపోయి రానీకి?”

“నవ్వు, నవ్వు. దవాఖాన్ల సుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చినంక నా మాటే ఇంటవ్.”

ఆమె దిష్టి తీసింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. మేడారం పోయి, కొడుకు మనిషైతే ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కి వచ్చింది. మేడారంలో బంగారం అంటే బెల్లమే. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి ఇస్తారు. అక్కడి నుంచి తెచ్చిన బెల్లం ముక్కను గుడ్డలో కట్టి కొడుకు దిండు కింద పెట్టింది. ఆయన ఆ దిండు మీదే తల పెట్టి, కళ్ళు తెరుచుకుని, ఫ్యాను వైపు చూస్తూ పడుకునేవాడు. ఆ చూపు చూస్తే నాకు నీళ్ళ అడుగు నుంచి పైకి చూస్తున్నట్టే అనిపించేది.

ఒకనాడు పొద్దున ఆయన ఫోను మోగుతూ ఉంటే నేను ఎత్తాను. అక్కడి నుంచి మాకు ఇలాచీ పంపే ఆవిడ. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. సరుకు మాటలు అయ్యాక కాసేపు తటపటాయించి, “మా డ్రైవరు వాళ్ళ నాయనమ్మ ఒకటి అడగమంటోంది. మీ ఆయన్ని ఎవరైనా పిలిచారా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ కొండల్లో ఎవరైనా నీళ్ళలో పడి భయపడితే, లోపలి మనిషి ఆ నీళ్ళలోనే ఉండిపోతాడట. ఇంటివాళ్ళు ఆ చోటికే వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఇంటికి తోడుకుని రావాలట. డ్రైవరును వాళ్ళ నాయనమ్మ మర్నాడే పిలుచుకుంది. మా ఆయన్ని కూడా ఆగమంటే, విమానం టైమైందని నవ్వి వెళ్ళిపోయాడట.

“ఆ ముసలమ్మ రోజూ వాగు దాకా పోయి వస్తోంది. మీ ఆయన ఇంకా అక్కడే ఉన్నాడంటోంది” అంది ఆవిడ.

ఫోను పెట్టేసి చూస్తే, ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. ఎండ నేరుగా ముఖం మీద పడుతున్నా కళ్ళు ఆర్పడం లేదు. అత్తమ్మకు విషయం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. “గా దేశంల సుత తెలిసినోళ్ళున్నరన్నట్టు” అంది.

మళ్ళీ వెళ్దామంటే ఆయన ఒళ్ళంతా వణికింది. ఇలాచీ పంపే ఆవిడను ఫోనులో అడిగితే, మనిషి రాకపోయినా ఆ రోజు వేసుకున్న చొక్కా ఉంటే చాలంది. అందరికీ పంట చూడటానికి పోతున్నానని చెప్పాను. వీసా వచ్చేసరికి అక్కడ మళ్ళీ వానలు మొదలయ్యాయి. నేను నమ్మి వెళ్ళానా అంటే ఇప్పటికీ చెప్పలేను. నా మొగుడు నాకు కావాలి, అంతే. దానికి వాగునే బతిమాలాల్సి వస్తే వాగునే బతిమాలుతాననుకున్నాను.

మూడు విమానాలు మారి, దిగాక రోజంతా కారులో కొండలెక్కాను. మనం ముసురు అంటామే, అదే అక్కడి వాన. వాళ్ళు దాన్ని చిపి చిపి అంటారు. మన దగ్గర ముసురు పట్టినా ఎప్పుడో ఒకప్పుడు తెరిపి ఇస్తుంది. అక్కడ ఆ మాటే లేదు. వానాకాలంలో ఏటూరునాగారం అడవి చూశాను గనుక పచ్చదనం నాకు కొత్త కాదు. కానీ ఇక్కడ చెట్ల కొమ్మల మీద మళ్ళీ చెట్లు, వాటి మీద నాచు, దాని మీద మబ్బు. కారు అద్దం దించితే మబ్బు లోపలికి వచ్చి పక్కన కూర్చుంది. రోడ్డు పక్కన మనుషులు ఉన్నట్టుండి కనపడి, అంతలోనే లేకుండా పోయేవారు. ఎవరూ మాట్లాడుకున్నట్టు వినపడలేదు.

ఇలాచీ ఆరబెట్టే బట్టీ పక్కనే ఆవిడ ఇల్లు. కట్టెల పొగ, ఇలాచీ ఘాటు కలిసి ఊపిరి ఆడనీయలేదు. అంత పండించే ఊళ్ళో ఒక్కరూ ఇలాచీ తినరని తెలిసి నవ్వొచ్చింది. వాళ్ళకు మూడు పూటలా మక్కల ముద్దే. నేను ఇలాచీ వేసి చాయ్ పెట్టిస్తే డ్రైవరు ఒక గుక్క తాగి, కప్పులోంచి కాయను వేలితో తీసి, అదెందుకు పడిందన్నట్టు చూశాడు.

వాళ్ళ నాయనమ్మ నా భుజం దాకా కూడా లేదు. ఆమె వాళ్ళ కొండ భాషలో చెబితే మనవడు స్పానిష్‌లో చెప్పాలి, ఆవిడ నాకు ఇంగ్లీషులో చెప్పాలి. నేను మేడారం బెల్లం ఇస్తే ముసలమ్మ వాసన చూసి, లోపలికి వెళ్ళి, సరిగ్గా అలాంటి బెల్లం ముక్కే తెచ్చి పక్కన పెట్టింది. ప్రాణం కాస్త కుదుటపడింది. తర్వాత ఆమె నా మణికట్టు పట్టుకుని చెప్పిన మాట మాత్రం మర్చిపోలేను.

“పేరు పెట్టి పిలువు. నిద్రలో కూడా అతను పలికే పేరుతో పిలువు. ఆ నీళ్ళలో ఎందరు వింటున్నారో మనకు తెలియదు.”

మధ్యాహ్నం బయల్దేరాం. ఆ వాగు చూడటానికి పెద్దదేమీ కాదు. కానీ కొంచెం దూరం పోయాక కొండ అడుగున ఒక బిలంలోకి దూరిపోతుంది. అవతల ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదట. అందులో పోయినవాళ్ళు దొరకరట. ముసలమ్మ ముందు కొండను అడిగింది. అక్కడ కొండను అడగకుండా ఏ పనీ చేయరు. అది నాకు వింతనిపించలేదు, మా సమ్మక్క కూడా గుట్ట దిగే వస్తుంది. ఆమె సాంబ్రాణి లాంటిదేదో రాజేసి, కొవ్వొత్తులు ముట్టించి, బెల్లం పొడి చేసి నీళ్ళలో చల్లింది. నేను తెచ్చిన చొక్కాను వాగులో ముంచి నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా కప్పలు, పురుగులు చెవులు చిల్లులు పడేలా మోత పెడుతున్నాయి. అవన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

పిలవమని సైగ చేసింది.

నోరు తెరిచాను. పేరు రాలేదు. పెదవుల దాకా వచ్చి, మెట్టు మీద చెప్పులు విడిచి లోపలికి రాని చుట్టంలా నిలబడిపోయింది. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. సముద్రాలు దాటి వచ్చి, మొగుడి పేరు చెప్పడానికి సిగ్గా? మళ్ళీ ప్రయత్నించాను. గాలి తప్ప ఏమీ రాలేదు. వానకు ఒక కొవ్వొత్తి ఆరింది. రెండోది రెపరెపలాడుతోంది. ముసలమ్మ చెయ్యి ఊపుతూ తొందరపెట్టింది. ఏడుపు ముంచుకొచ్చింది.

“ఇగో!” అని అరిచాను. “ఇగో, ఇంటాన్రా? నేనొచ్చిన. లేవండి, ఇంటికి పోదాం. చాయ్ పెడ్త, రాండి.”

ఆ మాటలు తెలిసినవాళ్ళు ఆ కొండల్లో నేను తప్ప ఎవరూ లేరు. అయినా మబ్బులో, బిలం వైపు, ఎవరో నీళ్ళలోంచి లేచిన చప్పుడైంది. గులకరాళ్ళ మీద తడి అడుగులు పడ్డాయి. అవి నన్ను దాటి నా వెనక్కి వచ్చి ఆగాయి. ముసలమ్మ నన్ను చూడటం మానేసి, నా భుజం మీదుగా వెనక్కి చూసింది. ఆమె ముఖం మారిపోయింది. ఏమని పిలిచావని అడిగింది. ఇంట్లో ఎలా పిలుస్తానో అలాగే పిలిచానని చెప్పాను. అది ఆయన పేరేనా అని అడిగింది. కాదన్నాను. ఆ మాట ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు, స్పానిష్ నుంచి ఆమె భాషకు పోయింది. ఆమె ఆరిన కొవ్వొత్తిని మళ్ళీ ముట్టించింది.

“పిలిచావు, వచ్చాడు. వచ్చినవాణ్ణి తిరిగి పొమ్మనకూడదు. వెనక్కి చూడకు. మలుపు వచ్చినచోటల్లా దారి చెప్పి తీసుకెళ్ళు. మీ మనిషా కాదా అన్నది పేరు పెట్టి పిలిస్తే తెలుస్తుంది” అంది చివరికి.

అలా బయల్దేరాను. మలుపు వస్తే “ఇటు రాండి” అన్నాను. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర అన్నాను, విమానం మెట్ల మీద అన్నాను. జనం పిచ్చిదనుకుంటే అనుకోనీ అని ఫికర్ చేయలేదు. చొక్కా పెట్టిన సంచి ఒడిలోంచి దించలేదు. ఎన్నిసార్లు పిండినా అది ఆరలేదు. కిటకిటలాడే విమానంలో నా పక్క సీటు ఒక్కటే ఖాళీ. భోజనం తెచ్చిన అమ్మాయి నాకొక పళ్ళెం ఇచ్చి, ఎవరూ అడగకుండానే ఆ సీటు ముందు ఇంకొకటి పెట్టి వెళ్ళింది. నేను వద్దనలేదు.

ఇంటికి రాగానే చొక్కా ఆయనకు తొడిగాను. ఆయన గట్టిగా ఊపిరి పీల్చి, చాలాసేపు మునిగి పైకి తేలినవాడిలా దగ్గాడు. తర్వాత నన్ను చూశాడు. నిజంగా చూశాడు. “ఆకలైతాంది” అన్నాడు. అత్తమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ వారంలోనే దుకాణానికి వచ్చాడు. ఇలాచీ నలిపి వాసన చూసి, తేమ ఎక్కువుందని బస్తా పక్కన పెట్టించాడు. బేరాలాడాడు, నవ్వాడు. డాక్టరు మందులు పనిచేశాయని సంతోషించాడు. పనిచేసే ఉండవచ్చు. అత్తమ్మ జాతరకు పోయి ఎత్తు బంగారం ఇచ్చి వచ్చింది.

చిన్న చిన్న తేడాలు ఉండేవి. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఒకరోజు మక్క గటుక, అదే మొక్కజొన్న సంకటి, వండమన్నాడు. వారానికోసారి మొదలై, రోజూ అదే అయింది. మక్కల గటుకను చేత్తో ముద్దలు చేసి, కళ్ళు మూసుకుని తింటాడు. అత్తమ్మ మురిసిపోతూ వడ్డిస్తూ, “చిన్నప్పుడు గటుకంటెనే ముక్కు మూసుకునేటోడు” అంది. అని చప్పున ఆగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ముసురు పట్టిందంటే ఆయన వరండా అంచున గొంతుకూర్చుని, చూరు నీళ్ళు కాలువలో కలిసి తూములోకి పోవడం చూస్తాడు. చాయ్ ఇస్తే కప్పులోంచి ఇలాచీ తొక్కను వేలితో తీసి చూసి, పక్కన పెడతాడు.

పాత మనిషి కంటే ఈయన మంచివాడు, అదీ చెప్పాలి. నా కాళ్ళు నొప్పులంటే తానే వంటింట్లోకి వస్తాడు. నా మాట పూర్తిగా వింటాడు. కాబట్టే నా భయం రెట్టింపైంది. ఈయన ఆయన కాకపోతే, ఆయన ఇంకా ఆ వాగులో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, నేను ఎప్పుడు పిలుస్తానా అని చూస్తున్నట్టే. ఆ ఊహ వస్తే పళ్ళెం తోసేసి లేస్తాను. తేల్చుకోవాలంటే ఒక్క మాట చాలు. ఆ మాటే నాకు రాదు. దుకాణానికి పోతూ ఆటోలో పెదవులు కదిపి సాధన చేసేదాన్ని. అలా చాలా నెలలు గడిచాయి.

మొన్నటి వానాకాలంలో ముసురు విడవకుండా పట్టింది. సాయంత్రం ఆయన వరండాలో, అలవాటుగా తూము వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి, గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆయన పేరు పలికాను.

ఆయన కదలలేదు.

ఇంకోసారి, గట్టిగా పలికాను. లోపలి నుంచి అత్తమ్మ, “ఏందే, మొగన్ని పేరు వట్టి పిలుస్తానవ్!” అని కేకేసింది. ఆమెకు వినపడింది. నాలుగు అడుగుల దూరంలో ఉన్న ఆయనకు వినపడలేదు. నా గొంతులో తన పేరు ఎన్నడూ వినని మనిషి పలకకపోతే అందులో వింతేముందని నాకు నేను చెప్పుకున్నాను. నా చెయ్యి ఆ మాట నమ్మలేదు, గోడను వదల్లేదు.

“ఇగో” అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

ఆయన వెంటనే తిరిగాడు. నవ్వాడు.

“ఆఁ, గట్ల పిలువు. ఆడ సుత గట్లనే పిలిచినవ్ గదా. చాయ్ పెడ్త, ఇంటికి పోదాం అన్నవ్. గా మాటకే అందరికన్న ముందుగాల నేను లేచిన.”

అక్కడ నేనన్న మాటలు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విన్నవాళ్ళకు తెలుగు రాదు. అందరూ అంటే ఎవరని అడగాలి. నోటి దాకా వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూస్తున్నాడు, పొమ్మంటానేమోనని చూసే చూపు అది. నాకు భయం వేసింది. ఆ భయంలోనే, ఈ మనిషి ఎక్కడికీ పోకూడదని కూడా అనిపించింది. వాగులో నిలబడ్డ మనిషి కోసం కడుపు తరుక్కుపోయింది. రెండూ నిజమే.

ఆ పేరు నేను మళ్ళీ పలకలేదు. ఇక్కడ కూడా రాయను.

లోపలికి పోయి చాయ్ పెట్టాను. ఇలాచీ డబ్బా మూత తీసి, కాయ తీయకుండానే మళ్ళీ పెట్టేశాను. ఆయన కప్పు అడుగు దాకా తాగాడు.